సైకాలజీ చదివి ఐబీకి వెళ్దామనుకునే మా రాయగడ పిల్లలకు

ఇంటెలిజెన్స్ ఉద్యోగానికి సైకాలజీ డిగ్రీ కావాలని ఎవరూ అడగరు. నా దగ్గరికి సలహాకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలీదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇంటెలిజెన్స్ బ్యూరోలో, అదే ఐబీలో, అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ (ఏసీఐఓ) గ్రేడ్-2 ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బీకాం వాళ్ళూ, బోటనీ వాళ్ళూ, సైకాలజీ వాళ్ళూ ఒకే పరీక్ష రాస్తారు. అందులో సైకాలజీకంటూ విడిగా పేపరు లేదు. అయినా సరే సైకాలజీ చదివినవాళ్ళు, అందులోనూ దక్షిణ ఒడిశాలో మా రాయగడ, గుణుపూర్, కోరాపుట్, మల్కనగిరి వైపు తెలుగిళ్ళ పిల్లలు ఈ ఉద్యోగానికి వెళ్ళాలనే నేను గట్టిగా అంటాను. దానికి నా కారణాలు మామూలుగా వినిపించేవి కావు. వెళ్ళాక చెయ్యకూడని పనుల గురించి కూడా నాకు పట్టింపులున్నాయి.

ఇంత రాయాలనిపించడానికి కారణం మా అన్నయ్య కూతురు. భువనేశ్వర్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయంలో సైకాలజీ ఎమ్మే చేస్తోంది. సంక్రాంతి సెలవులకి హీరాఖండ్ రైలు దిగిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే గొడవ. అది ఐబీకి రాస్తానంటుంది, మా అన్నయ్య ససేమిరా అంటాడు. "ఆడపిల్ల, ఏటి చేస్తోందో ఇంట్లో కూడా చెప్పకూడని ఉజ్జోగం ఏటమ్మా? బీయీడీ చేసి బళ్ళో చేరొచ్చు కదా" అని ఆయన బాధ. నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను కాబట్టి నేను తన పక్షమే అని దాని ధీమా. "రెండుచోట్లా మనుషుల్ని చదవడమే కదత్తా పని" అంది.

ఆ మాటే నన్ను భయపెట్టింది. ఎందుకంటే మనుషుల్ని చదవడం మనకి రాదు. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్క తీశారు. ఎదుటివాళ్ళు చెప్పేది నిజమో అబద్ధమో చూసి, విని కనిపెట్టడంలో మనుషులు సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం. కళ్ళు మూసుకుని ఊహించినా 50 వస్తుంది. అనుభవం ఉన్న పోలీసులూ దర్యాప్తు అధికారులూ మిగతావాళ్ళకంటే మెరుగేమీ కాదని కూడా ఆ లెక్కలోనే తేలింది. సైకాలజీ ఎమ్మే పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఆ 54 కాస్తా 90 అవ్వదు. అవుతుందని నమ్మే మనిషి చేతికి అధికారం ఇస్తే ఏం జరుగుతుందో మా ప్రాంతం చాలా చూసింది.

మా నాన్నగారికి బిసంకటక్‌లో బట్టల కొట్టు ఉండేది. బుధవారం చాటికొణ సంతకి ఆయన మూటలు కట్టుకుని వెళ్ళి అక్కడ పరిచేవారు. నియమగిరి కొండల మీంచి డొంగ్రియా గిరిజన ఆడవాళ్ళు పసుపు, అనాసపళ్ళు, అరటిగెలలు నెత్తిన పెట్టుకుని పొద్దున్నే దిగేవాళ్ళు. సరుకు అమ్ముకున్నాక మా దగ్గరికొచ్చి తెల్లగుడ్డ, ఎర్రదారం, పసుపుదారం కొనేవాళ్ళు. ఒకసారి జీపులో ఒకాయన వచ్చారు, ఏ డిపార్టుమెంటో మాకు తెలీదు. దారపు ఉండలు ఏరుకుంటున్న ఒకామెను ఒడియాలో అడగడం మొదలుపెట్టారు. "రాత్రి మీ ఊరికి బయటివాళ్ళు వచ్చారట కదా?" "ఔను" అంది. "పదిమంది ఉంటారా?" "ఔను." "తుపాకులున్నాయా?" దానికీ తలొంచుకుని "ఔను" అంది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు మా నాన్నగారు ఆమె పక్కన గొంతుక్కూర్చుని వాళ్ళ భాష కువిలో అవే మాటలు తీరిగ్గా అడిగారు. వచ్చింది పెళ్ళివారు. ఎంతమందో ఆమె లెక్కపెట్టలేదు. తుపాకులు లేవు, డప్పులున్నాయి. మరి ఔనని ఎందుకన్నావంటే, ఆయన తొందరగా వెళ్ళిపోతాడని అంది. మా నాన్నగారు కొట్టు నాకప్పజెప్పి, పక్కవాళ్ళ సైకిలు తీసుకుని ఆ జీపు వెనకాల వెళ్ళి చెప్పి వచ్చారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. ఆయన ముఖంలో అంత కంగారు నేనెప్పుడూ చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత క్లాసులో గూడ్యాన్సన్ గురించి చదువుతుంటే నాకా సంత గుర్తొచ్చింది. గిస్లీ గూడ్యాన్సన్ ఐస్‌లాండ్‌లో డిటెక్టివ్‌గా పనిచేసి ఆ తర్వాత సైకాలజిస్టు అయినవాడు. అడిగేవాళ్ళ ఒత్తిడికి, అడిగే తీరుకి మనిషి ఎంతవరకు లొంగి జవాబు మార్చేస్తాడో కొలిచే పరీక్షను 1984లో ప్రచురించాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పేలుళ్ళ కేసులో శిక్షపడ్డ ఆరుగురినీ ఆయన పరీక్షించాడు. వాళ్ళలో నలుగురు పోలీసుల దగ్గర ఒప్పుకోలు రాసిచ్చారు. చెయ్యని నేరానికి ఆరుగురూ పదహారేళ్ళు జైల్లో ఉండి 1991లో బయటికొచ్చారు. మా సంతలో ఆమె అన్న మూడు ఔనుల్లో మొదటిది తప్ప మిగతావి అడిగినాయన నోట్లోంచే వచ్చాయి. ఆ తేడా పట్టుకునే చదువు సైకాలజీ. ఇంటెలిజెన్స్‌కి వెళ్ళే సైకాలజీ విద్యార్థి అక్కడికి పట్టుకెళ్ళవలసింది ఇదే. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తెలుసుకునే విద్య కన్నా, నా ప్రశ్న ఎదుటివాళ్ళ జవాబుని ఎక్కడ పాడుచేసిందో చూసుకునే అలవాటు వెయ్యిరెట్లు విలువైనది.

ఇది చిన్న విషయమని ఎవరికైనా అనిపిస్తే మా పక్కన ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న సుక్మా జిల్లా సంగతి చెబుతాను. మల్కనగిరి దాటితే అదే. 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ దుఃఖం ఎంత నిజమో, తర్వాత జరిగింది కూడా అంతే నిజం. ఆ కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులు ఐదేళ్ళు జైల్లో ఉన్నాక 2022 జులైలో కోర్టు వాళ్ళని నిర్దోషులని విడిచిపెట్టింది. ఎవరెవరు ఏం చెప్పారు, ఎవరు రాసుకున్నారు, ఎవరు సరిచూశారు అన్నది ప్రతి అడుగులోనూ ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. ఇటువైపు చూస్తే ఇన్‌ఫార్మర్లన్న ముద్రవేసి మావోయిస్టులు చంపిన గిరిజనులున్నారు. సంతలో ఎవరితో మాట్లాడారన్నది కూడా అందుకు సరిపోయేది. మంచి ఇంటెలిజెన్స్ అధికారికి తన దగ్గరికొచ్చి మాట్లాడిన మనిషి మర్నాడు ఊళ్ళో ఎలా బతుకుతాడన్న ఆలోచన ఉండాలి. ఈ ఆలోచన మా పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళు ఆ ఊళ్ళ మధ్యే పెరిగారు.

ఇక పై స్థాయిలో, అంటే ఆఫీసులో కూచుని సమాచారం బేరీజు వేసే పనిలో, ఇదే చదువు ఇంకోలా పనికొస్తుంది. 1973లో ఈజిప్టు, సిరియా దాడి చేస్తాయని ఇజ్రాయెల్ సైనిక ఇంటెలిజెన్స్‌కి సంకేతాలు అందకపోలేదు. దూరం వెళ్ళే యుద్ధవిమానాలు వచ్చేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదని వాళ్ళు ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసి, వచ్చిన ప్రతి వార్తనీ దానికి సరిపడేలా అర్థం చేసుకున్నారు. దాడి జరిగాక విచారణ చేసిన అగ్రనాట్ కమిషన్ ఆ తప్పుని వేలెత్తి చూపింది. ఆ దెబ్బతో అక్కడ ఒక చిన్న విభాగమే పెట్టారు. మిగతావాళ్ళంతా ఒప్పుకున్నదాన్ని తిరగేసి వాదించడమే ఆ విభాగం పని. మన డిగ్రీ రెండో సంవత్సరంలో ఈ పక్షపాతం గురించి పాఠం ఉంటుంది, పిల్లలు ఐదు మార్కుల ప్రశ్నగా బట్టీ పడతారు. అది దేశాల తలరాతలు మార్చిన పాఠమని నేను ప్రతి ఏడూ చెబుతాను.

ఉద్యోగాల సంగతి కొస్తే, చెప్పుకోవలసింది కొంచెమే. ఏసీఐఓ పోస్టుకి వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు ఉంది. మొదట వంద మార్కుల బిట్ పేపరు, గంట సమయం, తప్పు జవాబుకి పావు మార్కు కోత. తర్వాత ఇంగ్లిషులో వ్యాసం రాయించే 50 మార్కుల పేపరు, ఆపైన ఇంటర్వ్యూ. లెవెల్ 7 జీతం, అంటే మూలవేతనం 44,900 దగ్గర మొదలవుతుంది. దానిమీద 20 శాతం ప్రత్యేక భద్రతా భత్యం. 2023లో 995 పోస్టులకి ప్రకటన వచ్చింది, 2025లో 3,717కి. పదో తరగతి అర్హతతో సెక్యూరిటీ అసిస్టెంట్ పోస్టులూ వస్తాయి. వాటికి ఆ రాష్ట్రంలో నివాస ధ్రువపత్రం ఉండాలి, స్థానిక భాష తెలుసునో లేదో పరీక్షిస్తారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ రాసి ఐబీలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా చేరొచ్చు, అది ఎక్కువగా ఆఫీసు పని. సివిల్స్ రాసేవాళ్ళకి సైకాలజీ ఆప్షనల్‌గా ఉంది, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. ఐపీఎస్ వస్తే ఐబీకి, విదేశీ నిఘా చూసే 'రా'కి డిప్యుటేషన్ మీద వెళ్ళే దారి ఉంటుంది. 'రా'లో ఉద్యోగం ఇప్పిస్తామని వాట్సాప్‌లో డబ్బడిగేవాళ్ళంతా మోసగాళ్ళే, ఆ నంబర్లు పోలీసులకివ్వండి.

సైకాలజీ పట్టాకే విలువిచ్చే చోటు కావాలంటే రక్షణశాఖ వైపు చూడాలి. ఢిల్లీలో డీఆర్‌డీవోకి చెందిన డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకలాజికల్ రీసెర్చ్ ఉంది. సైన్యానికి ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్సెస్‌బీ బోర్డుల్లో ముగ్గురు మదింపు చేస్తారు, ఆ ముగ్గురిలో ఒకరు సైకాలజిస్టు. అభ్యర్థి ముందు 60 మాటలు ఒక్కొక్కటీ పదిహేను సెకన్లు చూపించి తోచిన వాక్యం రాయమంటారు. బొమ్మలు చూపించి కథలు రాయిస్తారు. ఆ కాగితాలు చదివేది మనలాంటి చదువు చదివినవాళ్ళే. మా మేనకోడలికి ఈ దారి కూడా చెప్పాను. దానికి మనసు ఐబీ మీదే ఉంది.

చెయ్యకూడని పనుల దగ్గరికి వస్తాను, ఇక్కడ నేను రాజీపడను.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో సీఐఏ ఖైదీల విచారణ పద్ధతుల్ని రూపొందించింది ఇద్దరు సైకాలజిస్టులు. నీళ్ళలో ఊపిరాడకుండా చెయ్యడం, నిద్రపోనివ్వకపోవడం లాంటివి. వాళ్ళ కంపెనీకి 8 కోట్ల 10 లక్షల డాలర్లు ముట్టాయి. సమాచారం రాబట్టడానికి ఆ పద్ధతులు పనికొచ్చే దారి కాదని 2014 డిసెంబరులో సెనేట్ కమిటీ నివేదిక తేల్చింది. 2015 ఆగస్టులో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన సభ్యులెవరూ జాతీయ భద్రత విచారణల్లో పాల్గొనకూడదని తీర్మానించుకోవలసి వచ్చింది. మన దేశంలో 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వీ కేసులో తీర్పిచ్చింది. మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష, అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్ష చెయ్యకూడదని, అది తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణకి విరుద్ధమని చెప్పింది. ఆ పరీక్షలు నడిపే గదుల్లో సైకాలజీ చదివినవాళ్ళే ఉంటారు. సూదిమందు ఇచ్చి, మగతలో ఉన్న మనిషి చేత మాట్లాడించి, దాన్ని సైన్సు అనడానికి మన చదువు పేరు వాడుకున్నారు. ఆ తీర్పు కాపీ ప్రతి సైకాలజీ క్లాసులోనూ చదివించాలి.

హింస లేకుండా పని జరగదనేవాళ్ళకి హాన్స్ షార్ఫ్ ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ వైమానిక దళం తరఫున, పట్టుబడ్డ అమెరికన్ పైలట్లని ప్రశ్నించినవాడు. వాళ్ళని అడవిలో నడకకి తీసుకెళ్ళేవాడు, కబుర్లు చెప్పేవాడు, తనకి అంతా ముందే తెలుసన్నట్టు మాట్లాడి, వాళ్ళంతట వాళ్ళే సరిదిద్దేలా చేసేవాడు. చాలామందికి తాము రహస్యం చెప్పేశామని కూడా తెలిసేది కాదు. యుద్ధం అయ్యాక అమెరికన్ వైమానిక దళమే అతన్ని పిలిపించి ఉపన్యాసాలు ఇప్పించుకుంది. షార్ఫ్ పద్ధతి మీద ఇప్పుడు స్వీడన్‌లో ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. అతను పనిచేసింది నాజీ ప్రభుత్వానికి. మర్యాదగా అడగడం వచ్చినంత మాత్రాన ఎవరికోసం అడుగుతున్నామన్న ప్రశ్న తీరిపోదని కూడా అతని కథలోనే ఉంది, అందుకే ఆ కథ సగం చెప్పి ఆపకూడదు.

రెండో పట్టింపు నా సొంత అనుభవంలోంచి వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒకాయన మామూలు దుస్తుల్లో మా స్టాఫ్ రూముకి వచ్చారు. చాలా మర్యాదస్తుడు, "మేడమ్, టీ వద్దండి" అని కూచున్నారు. నా దగ్గర కౌన్సెలింగ్‌కి వచ్చే ఒక కుర్రాడి గురించి అడిగారు. ఎవరితో తిరుగుతున్నాడు, ఏం చెబుతున్నాడు, నియమగిరి సంగతులేమైనా మాట్లాడతాడా అని. ఆ కుర్రాడు నాకు చెప్పుకున్నదల్లా వాళ్ళ నాన్న తాగుడు గురించి. ఆ మాట ఒక్కటి చెప్పినా ఆయన వెళ్ళిపోయేవారు, కుర్రాడికి మేలు కూడా జరిగేదేమో. నేను చెప్పలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షన్ గోప్యత గురించి ఉంది. ప్రాణహాని, ప్రజాభద్రత, కోర్టు లాంటి అధికారం ఇచ్చే ఆదేశం వంటి మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. నేను క్లినికల్ సైకాలజిస్టుని కాకపోయినా నా పద్ధతి అదే. "కాగితం తెండి, ప్రిన్సిపాల్‌గారి ముందు మాట్లాడదాం" అన్నాను. ఆయన కోప్పడలేదు, మళ్ళీ రాలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన పని ఆయన చేశారు. రేపు మా మేనకోడలు ఆయన కుర్చీలో కూచోవచ్చు. కూచోనీ. కానీ ఆ కుర్చీలో ఉండి, కౌన్సెలర్‌నని చెప్పుకుని ఎవరి కష్టమూ వినకూడదు. ఆరోగ్య శిబిరం పేరుతోనో, సర్వే పేరుతోనో, మనసు బాగోలేదని వచ్చినవాళ్ళ దగ్గర సమాచారం లాగకూడదు. ఒక్కసారి అలా జరిగిందని కొండమీద తెలిస్తే, ఆ తర్వాత మూర్ఛ వచ్చిన పిల్లని, చచ్చిపోవాలనిపిస్తోందనే తల్లిని ఎవరూ ఆసుపత్రికి దింపరు. దాని క్లాస్‌మేట్లే రేపు ఇక్కడికి సైకాలజిస్టులుగా వస్తారు, వాళ్ళ బతుకుతెరువు కూడా పోతుంది. ఇది విని అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి పైవాళ్ళు అలాగే చెయ్యమంటే?" అంది. రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, వేరే పని అడుగు, అదీ ఇవ్వకపోతే మానెయ్ అన్నాను. మానెయ్యడానికి సిద్ధపడి చేరడం కష్టమే. ఇంత తెలిసి చేరినవాళ్ళే అక్కడ ఉండాలని నేను కోరుకుంటున్నాను.

మా వైపు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2011 ఫిబ్రవరిలో మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణగారిని, జూనియర్ ఇంజినీరు పవిత్ర మాఝీని మావోయిస్టులు ఎత్తుకెళ్ళారు. మధ్యవర్తులుగా ప్రొఫెసర్ హరగోపాల్‌గారు, సోమేశ్వరరావుగారు, దండపాణి మహంతిగారు భువనేశ్వర్‌లో కూచుని రోజుల తరబడి మాట్లాడారు. ఫిబ్రవరి 16న వాళ్ళు ఎత్తుకెళ్ళిన కలెక్టరుగారు 24న క్షేమంగా తిరిగొచ్చారు. ఆయన్ని వదిలిపెట్టమని మల్కనగిరిలో ఆదివాసులు కూడా ఊరేగింపులు చేశారు. తుపాకీ పేలకుండా మాటతో మనిషిని వెనక్కి తెచ్చుకోవడమంటే ఏమిటో అప్పుడు చూశాం. ఆ పనికి తర్ఫీదు పొందిన మనుషులు ప్రభుత్వంలో ఉండాలా వద్దా? మా అన్నయ్యని నేను అడిగింది ఇదే.

అన్నయ్య భయాలు ఉత్తివి కావు. ఇంటెలిజెన్స్ సంస్థల్లో పనిచేసేవాళ్ళ హక్కులకి పరిమితులు పెడుతూ 1985లో చట్టం వచ్చింది. సంఘాల్లో చేరడం, పత్రికలతో మాట్లాడటం కుదరదు. 2021లో పింఛను నియమాలు మార్చారు, రిటైరయ్యాక కూడా సంస్థ గురించి అనుమతి లేకుండా రాయకూడదు. దేశంలో ఎక్కడికైనా బదిలీ. సంబంధాలు చూసేటప్పుడు హోంశాఖలో ఉద్యోగం అని ఊరుకోవాలి. ఇవన్నీ ఆడపిల్లకి మగపిల్లాడి కంటే బరువే. అయితే గ్రామాల్లో ఆడవాళ్ళు మగ అధికారితో చెప్పని సంగతులు చాలా ఉంటాయి, అవి వినడానికి ఆడమనిషే కావాలి.

చివరిగా భాష. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. వందేళ్ళు దాటినా మా జిల్లాల్లో తెలుగిళ్ళ పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సినిమాల్లో హిందీ వస్తాయి. సంతలో కువి మాత్రం మా నాన్నగారి తరంతోనే ఆగిపోతోంది. నియామక పరీక్షలో ఏ భాషలు పెట్టినా, పెట్టకపోయినా, కువిగానీ సవరగానీ కోయగానీ ఒకటి వచ్చిన అధికారి రాసే నివేదిక వేరేగా ఉంటుంది. దక్షిణ ఒడిశాలో సైకాలజీ చెప్పే ప్రతి కాలేజీ ఇంటర్వ్యూ చెయ్యడం అనే విషయాన్ని ఈ భాషల్లో, సంతల్లో, ఆశా కార్యకర్తల పక్కన కూచోబెట్టి నేర్పాలి. మా కాలేజీలో అది పెట్టమని అర్జీ ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు, మళ్ళీ ఇస్తాను.

ఈలోపు ఐబీకి రాద్దామనుకునే రాయగడ, గుణుపూర్, మునిగుడ పిల్లలెవరైనా ఉంటే ఇంగ్లిషు వ్యాసాలు రాసి నాకు ఇవ్వండి. ఒడియా మీడియంలో చదివినవాళ్ళు ఎక్కువగా జారిపోయేది ఆ పేపరు దగ్గరే. ఆదివారం పొద్దున్న ఇంటి దగ్గరే ఉంటాను, దిద్ది పెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు.